మామయ్య గచ్చు

మా ఆడపడుచు ఎప్పుడొచ్చినా చెప్పులు విడిచి నేరుగా అత్తయ్య గదిలోకి వెళ్ళేది. పలకరింపులన్నీ తర్వాత. ముందు మంచం పక్కనున్న గోడకి అరచెయ్యి ఆనించేది. ఆ చేతిని మా అందరి ముఖాల ముందూ తిప్పి చూపించేది. చెయ్యి తడిగా ఉండేది.

"చూడు వదినా" అనేది నాతో, రోజూ పొద్దున్నే లేచి ఆ గోడకి నేనే నీళ్ళు పోస్తున్నట్టు.

ఆ ఏడు చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో వచ్చినప్పుడు మాత్రం చెయ్యి చూపించి ఊరుకోలేదు. అత్తయ్య దగ్గు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, "మందులు రాస్తాను, కానీ ఆ గదిలో పడుకున్నంత కాలం నా మందులు పని చెయ్యవు" అన్నాడు. మా గది ఇద్దామంటే ఆ గోడలూ అంతంత మాత్రమే.

"ఈ ఎండాకాలం చూస్తాను. మళ్ళీ చలి మొదలయ్యేలోపు గోడ ఆరలేదంటే అమ్మని తీసుకెళ్ళిపోతాను. మాది మూడో అంతస్తు, నేల చెమ్మ మా దాకా ఎక్కదు" అంది మా ఆడపడుచు.

"మరి నాన్న?" అన్నాడు మా ఆయన.

"నాన్న వస్తే నాన్నని కూడా. రారని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

మామయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఆయన తన ఇంటి గోడల మధ్య తప్ప నిద్రపోలేని మనిషి. కూతురి పెళ్ళిలో కూడా రాత్రికి ఇంటికొచ్చి పడుకుని పొద్దున్నే మండపానికి వెళ్ళారట. అత్తయ్య వెళ్ళిపోతే ఆయన ఒంటరిగా మిగలాల్సిందే. ఆ సంగతి అత్తయ్యకి తెలుసు. అందుకే ఆవిడ ఆ పూటంతా దగ్గు ఆపుకోవడానికి నీళ్ళు తాగుతూనే ఉన్నారు.

మామయ్య గురించి చెప్పాలి. ఆయన తాపీ మేస్త్రి. అందులోనూ గోడలు కట్టే మేస్త్రి కాదు, పూత మేస్త్రి. ఆయన పూసిన గోడ ఎక్కాలంటే చీమ కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటుంది. వీధిలో అందరూ ఆయన్ని నునుపు మేస్త్రి అనేవారు. సిమెంటూ ఇసుకా కలిపిన మాలు సాయంత్రానికల్లా వాడకపోతే రాయి అయిపోతుంది కదా, మిగిలినదాన్ని తోటి మేస్త్రులు ఓ పక్కన పారబోసి చేతులు కడుక్కునేవారు. ఈయనకి ప్రాణం ఒప్పేది కాదు. దాన్ని ఒక పాత బకెట్లో వేసి, సైకిలుకి తగిలించుకుని ఇంటికి తెచ్చేవారు. బట్టలైనా మార్చకుండా ఇంటి చుట్టూ పరిచి, తాపీతో రుద్ది, అప్పుడు స్నానానికి వెళ్ళేవారు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పని చేసినన్నాళ్ళూ అదే వరస.

అలా తయారైంది మా గచ్చు. ఇంటికి నాలుగు వైపులా, ప్రహరీ దాకా, అద్దంలా ఉండేది. వీధిలోని పిల్లలు బొంగరం తిప్పాలంటే మా ఇంటికే వచ్చేవారు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు చూసి పోయేవారు. మామయ్య అందరికీ ఒకే మాట చెప్పేవారు. "వాన వెలిశాక వచ్చి చూడండి. నా గచ్చు మీద చుక్క నిలవదు."

నిజమే, నిలిచేది కాదు. ఎక్కడికి పోతోందో ఎవరం అడగలేదు.

మా ఆడపడుచు వెళ్ళిన మర్నాడే మామయ్య సిమెంటు తెచ్చారు. ఆ ఇంట్లో తడికి తెలిసిన వైద్యం అదొక్కటే. తడి కనిపిస్తే పూత. పూత మీద తడి కనిపిస్తే ఇంకాస్త చిక్కటి పూత. బయటి వైపు గోడ అడుగునైతే ఆ పూత నా బొటనవేలంత మందాన ఉండేది. ఈసారి లోపల మోకాలెత్తు వరకూ పూశారు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత తడి ఆ పూత అంచు దాటి, మంచం మీద కూర్చున్న మనిషి భుజం దాకా ఎక్కి కూర్చుంది.

"లోపలి నుంచి థర్మాకోల్ పలకలు అంటించేద్దాం. మీ కోల్డ్ స్టోరేజీలో ఉంటాయిగా" అన్నాడు మా ఆయన. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. ఏ జబ్బుకైనా పైన ఒక రేకు బిగిస్తే చాలనుకునే మనిషి.

"తడి గోడకి పలక అంటిస్తే కనపడకుండా కుళ్ళుతుంది, అంతే. బంగాళాదుంపల గదిలో చూశాను నేను. వెనక నీళ్ళు చేరిన పలక ఊడదీస్తే తడిసిన పరుపంత బరువుంది. మీరు తడిసిన దుప్పటి కప్పుకుంటే చలి ఆగుతుందా? ముందు గోడ పొడిగా ఉండాలి, తర్వాతే దుప్పటి" అన్నాను.

ఈ విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులు నా చేతి కింద ఉండేవి. తలుపు రబ్బరు ఎక్కడ వదులైందో, గోడ ఎక్కడ చెమట పడుతోందో గదిలో అడుగు పెడితే చెప్పేస్తాను. చల్లటి గోడకి వెచ్చటి గాలి తగిలితే చెమట పడుతుంది. కింద నుంచి నీళ్ళు తాగే గోడ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. అత్తయ్య గదికి ఆ రెండు జబ్బులూ ఉన్నాయి. ఇంతవరకూ నాకు తెలుసు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో మాత్రం అంతు చిక్కలేదు. పైపులు చూపించాను, పక్కింటివాళ్ళ తొట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

జవాబు అత్తయ్య దగ్గర దొరికింది. ఎండ ముదురుతున్న ఒక పొద్దున ఇద్దరం గచ్చు మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. అత్తయ్య ఇంట్లోకి వెళ్ళబోతూ గుమ్మం పట్టుకుని, జాగ్రత్తగా ఒక అడుగు కిందికి దిగారు. గుమ్మం దాటితే దిగడమే ఆ ఇంట్లో. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ అంతే.

"ఇప్పుడు దిగడానికే ఇంత ఆయాసం. అప్పట్లో నీళ్ళ బిందె చంకనెత్తుకుని మూడు మెట్లు ఎక్కేదాన్ని" అన్నారు.

"ఎక్కడ అత్తయ్యా?"

"ఇక్కడే. ఈ గుమ్మానికే. నేను కొత్తగా వచ్చినప్పుడు మూడు మెట్లుండేవి. మీ మామయ్య పుణ్యమా అని ఆ ఎక్కే బాధ తప్పింది."

"ఆ మెట్లు ఏమయ్యాయి?"

"ఏమవుతాయి, అక్కడే ఉన్నాయి. గచ్చు కింద."

ఆవిడ లోపలికి వెళ్ళి దగ్గుతూ కూర్చున్నారు. నేను తడి దుప్పటి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పునాది మీద, గోడ మొదలయ్యే చోట, తారుపట్టీ ఒకటి వేస్తారు. నేల చెమ్మ దాన్ని దాటి పైకి రాకూడదని. ఈ ముక్క నాకు చెప్పింది మామయ్యే. మా ఇంటికీ వేశారు. మూడు మెట్లు పూడిపోయాయంటే ఆ పట్టీ కూడా పూడిపోయినట్టే. పైగా గచ్చు గోడని ఆనుకుని ఉంది, బొటనవేలంత పూత పట్టీ మీదుగా ఎక్కింది. చెమ్మ పైకి రావడానికి దారి మామయ్యే వేసి ఇచ్చారు, అదీ నున్నగా.

ఆ సాయంత్రం టీ గ్లాసు ఆయన చేతికిచ్చి చెప్పేశాను. నాకు డొంకతిరుగుడు చేతకాదు.

"మామయ్యా, గచ్చు తవ్వెయ్యాలి. ఇంట్లోకి నీళ్ళు దాని వల్లే వస్తున్నాయి."

ఆయన ఒంటికాలి మీద లేచారు.

"నా గచ్చు వల్లా? చుక్క నిలవని గచ్చు వల్లా?"

"నిలవని చుక్క ఎక్కడికి పోతోంది మామయ్యా?"

"కాలవలోకి పోతోంది. వాలు పెట్టి వేశాను. నువ్వు పుట్టక ముందు నుంచీ వాలు పెడుతున్నాను నేను."

"కాలవ ఎప్పుడైనా పొంగిందా మరి?"

ఆయన గ్లాసు అక్కడ పెట్టి అత్తయ్య వైపు తిరిగారు. "ఏమే, నీ కోడలికి చెప్పు. బంగాళాదుంపల సంగతి బంగాళాదుంపలకి చెప్పుకోమను."

ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. ఒకే గదిలో ముగ్గురం ఉన్నా, "నీ కోడల్ని ఉప్పు ఇటివ్వమను" అని అత్తయ్యతో చెప్పేవారు. నేనూ తక్కువ తిన్నానా, "ఉప్పు ఎక్కువ మంచిది కాదని మామయ్యకి చెప్పండి అత్తయ్యా" అనేదాన్ని. అత్తయ్య మా ఇద్దరి మధ్యా టెలిఫోను ఆపరేటరు పని చేశారు. మా ఆయన ఎటువైపు అంటే, నాన్న మాట్లాడినప్పుడు ఇటూ నేను మాట్లాడినప్పుడు అటూ తల ఊపి, భోజనం ముగించి డిపోకి వెళ్ళిపోయేవాడు.

నాకు కోపం వచ్చేది, నిజమే. కానీ సందేహం రాలేదు. గచ్చు తవ్వకుండా ఆ గోడ ఆరదు, గోడ ఆరకపోతే అత్తయ్య ఇంట్లో ఉండరు. ఇది ఆయనకి ఎలా ఎక్కించాలా అన్నదే నా బాధ.

ఎక్కించింది నేను కాదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద చీరలు మడతపెట్టి చిన్న పెట్టెలో సర్దుతున్నారు. చలికి ఇంకా ఎంతో వ్యవధి ఉంది.

"ఇప్పట్నుంచీ ఎందుకు అత్తయ్యా?" అన్నాను.

"ఎలాగూ వెళ్ళేదానికి ఆఖరు నిమిషం హడావిడి ఎందుకు. ఇలా కూర్చో, నీకు కొన్ని చెప్పాలి" అని పక్కన చోటు చూపించారు. "మీ మామయ్యకి స్నానం నీళ్ళు బాగా వేడిగా పెట్టకు. మోచెయ్యి ముంచి చూడు, ఓర్చుకోగలిగితే చాలు. సిమెంటుకి చేతులు పగిలి ఉంటాయి, వేణ్నీళ్ళు తగిలితే మండుతాయి. మండుతున్నాయని చెప్పరు. పడుకునే ముందు కొబ్బరినూనె రాయి అంటే రాయించుకోరు. సీసా మూత తీసి పక్కన పెట్టు, ఎవరూ చూడనప్పుడు రాసుకుంటారు."

 తల ఎత్తితే వరండాలో మామయ్య. చేతిలో తాపీ, కాళ్ళకి చెప్పుల్లేవు. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. మమ్మల్ని చూసి చూడనట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

తర్వాతి ఆదివారం పొద్దున నన్ను నేరుగా పిలిచారు. "అమ్మాయ్, ఇలా రా. ఈ కొస పట్టుకో."

ఆయన చేతిలో లెవెల్ గొట్టం ఉంది. మేస్త్రుల దగ్గర ఉండే పొడుగాటి పారదర్శకపు గొట్టం. లోపల నీళ్ళు పోసి రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆయన గొట్టం తెచ్చింది నా మాట తప్పని తేల్చడానికే. ముఖం చూస్తే తెలుస్తోంది.

నేను ఇంటి గోడ దగ్గర నిలబడ్డాను, ఆయన వీధి వైపు ప్రహరీ దగ్గర. నీళ్ళు ఆగాయి. నా దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టమన్నారు, ప్రహరీ మీద ఆయన పెట్టారు. రెండు గీతలూ ఒకే ఎత్తు. ఇక అక్కడి నుంచి గచ్చు ఎంత కిందికి ఉందో కొలవడమే. ఆయన తన చెక్క బద్ద తీసుకుని ముందు ప్రహరీ దగ్గర కొలిచారు, తర్వాత నా దగ్గరికి వచ్చి కొలిచారు. బద్ద మీద వేలు పెట్టి ఇంకోసారి చూశారు.

"గొట్టంలో గాలి బుడగ ఉన్నట్టుంది" అన్నారు.

గొట్టం దులిపి, నీళ్ళు మార్చి, మళ్ళీ పట్టాం. మళ్ళీ అదే. ప్రహరీ దగ్గర గచ్చు జానెడు ఎత్తుగా ఉంది. వాలు వీధిలోకి లేదు, ఇంటి మీదికి ఉంది. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగింది, రోడ్డు నీళ్ళు లోపలికి రాకుండా ఆయన ప్రహరీ పక్కన గచ్చు పెంచుతూ వచ్చారు. ఏ పొరకి ఆ పొర సరిగ్గానే వేశారు. అన్నీ కలిసి ఎటు వాలాయో చూసుకోలేదు.

"కొస పట్టుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళు" అన్నారు.

వెళ్ళాను. మంచం పక్కన గీత పెట్టాను. ఆయన వచ్చి గది నేల దాకా కొలిచారు. ఆ నేల బయటి గచ్చు కన్నా కిందికి ఉంది. అత్తయ్య ఒక గొయ్యిలో పడుకున్నట్టే. ఆవిడ మంచం మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తున్నారు.

మామయ్య గొట్టంలో నీళ్ళు వంపేసి, చుట్ట చుట్టి, మేకుకి తగిలించారు. కాసేపటికి సామాన్ల గదిలోంచి పెద్ద సమ్మెట భుజాన వేసుకుని వచ్చారు.

"ఎటువైపు నుంచి మొదలుపెడదాం?" అని అడిగారు నన్ను.

నాలుగు వైపులా ఒకేసారి తవ్వేద్దాం అన్నాను. ఆయన నవ్వారు, ఎన్నో రోజుల తర్వాత. "నాలుగు వైపులా తవ్వితే ఇల్లు దేని మీద నిలబడుతుంది, నీ ధైర్యం మీదా? ఒక్కో వైపు తవ్వాలి. అందులోనూ ముక్కలు ముక్కలుగా. ఒకటి పూడ్చాకే ఇంకొకటి." ఆ విషయంలో నేను నోరు మూసుకున్నాను. నా దుంపల గదులకి పునాదులు ఎవరో వేసి ఇచ్చారు మరి.

మొదటి దెబ్బ ఆయనే వేశారు. తర్వాత ఇద్దరు కూలీలూ మా ఆయనా అందుకున్నారు. గచ్చు ఊరికే పగల్లేదు. పెళ్ళలుగా లేచింది, పొరలు పొరలుగా విడింది. మామయ్య పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కో పెళ్ళా చేతిలోకి తీసుకుని చూసేవారు.

"ఇది ఆసుపత్రి మెట్ల మాలు. ఇది బడి వరండాది. ఇదిగో, ఈ నల్లటిది బ్యాంకుది. ఇసుక మంచిది కాదు, నేను అప్పుడే చెప్పాను." అన్నీ గుర్తే ఆయనకి. ఒక సన్నటి తెల్ల పొర దగ్గర ఆగి, "మీ ఆయన పుట్టిన రోజుది ఇది. తొందరగా వచ్చేయాలని సరిగ్గా రుద్దలేదు" అన్నారు. మా ఆయన గునపం ఆపి ఆ పెళ్ళని చూసి, మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు.

నాకు ఆ పూట మనసు బాగోలేదు. నేను గెలిచాను, అది తెలుస్తూనే ఉంది. ఆయన పనంతా తట్టల్లో బయటికి పోతోంది, అదీ కనిపిస్తోంది. లోపలికి వెళ్ళి టీ పెట్టాను. ఆయనకి ఇష్టమైనంత చక్కెర వేశాను, ఎవరికీ చెప్పకుండా.

మూడోరోజు సాయంత్రం గుమ్మం ముందు గచ్చు లేచినప్పుడు మెట్టు బయటపడింది. తర్వాత రెండోది, మూడోది. అత్తయ్యని పిలిచాం. ఆవిడ చీపురు తెప్పించుకుని, ఎవరు వద్దన్నా వినకుండా, మట్టి స్వయంగా ఊడ్చారు. ఊడ్చి పై మెట్టు మీద కూర్చున్నారు.

"ఏం మేస్త్రీ, నిధి ఏమైనా తగిలిందా?" అని ఎదురింటి రిటైరైన స్టేషన్ మాస్టారు ప్రహరీ మీద నుంచి అడిగారు.

"తగిలింది. అదిగో, కూర్చుంది" అన్నారు మామయ్య.

తర్వాత ఎండాకాలమంతా మా ఇల్లు చుట్టూ కందకం తవ్వుకున్న కోటలా ఉంది. ఒక్కో వైపు పునాది బయటపెట్టి, కడిగి, గోడ అడుగున ఉన్న ఆ మందపు పూత కొట్టేసి, ఎండబెట్టేవాళ్ళం. తారు డబ్బా పట్టుకుని నేను తొందరపడితే మామయ్య పడనిచ్చేవారు కాదు. "తడి గోడకి బయట తారు పూస్తే లోపలున్న నీళ్ళని ఇంట్లోకి తరిమినట్టు. ఎండని పని చెయ్యనివ్వు" అనేవారు. రోజూ సాయంత్రం కందకంలోకి దిగి పునాది రాళ్ళని చేత్తో తడిమి చూసేవారు. ఆయన ఊఁ అన్నాకే తారు. తారు మీద, నేల కింద నుంచి కాస్త పైదాకా, కోల్డ్ స్టోరేజీ పలకలు.

ఆ పలకల దగ్గర ఇంకో యుద్ధం జరిగింది. మా యజమాని ఒక గదికి కొత్త పలకలు వేయిస్తూ అంచులు విరిగినవి పక్కన పెడితే, అడిగి తెచ్చుకున్నాను. నీళ్ళు తాగని గట్టి రకం. బకెట్ నీళ్ళలో ఒక ముక్క ముంచి, రెండు రోజులు ఉంచి, కోసి ఆయన ముందు పెట్టాను. లోపల పొడిగా ఉంది.

"ఇంటికి స్వెట్టరు తొడుగుతానంటావు" అన్నారు.

"కాళ్ళకి మేజోళ్ళు తొడుగుతున్నాను మామయ్యా. చలి ఎక్కేది అక్కడి నుంచే."

ఆయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, "నేల పైకి వచ్చిన భాగం ఇలా తెల్లగా వదిలేస్తే ఎండకి పొడైపోతుంది, ఎలకలు కొరుకుతాయి. పైన ఇనప జాలీ కొట్టి నేను పూస్తాను" అన్నారు. అది ఒప్పుకోవడమే. ఆ పూత చూసినవాళ్ళెవరూ కింద పలక ఉందని చెప్పలేరు.

పలకల పక్కన, పునాది అడుగు మట్టానికి, చిల్లుల గొట్టం. దానికి గుడ్డ చుట్టి, చుట్టూ కంకర పోశాం. నీళ్ళు పునాదిని చేరకముందే ఆ గొట్టంలో పడి, ఇంటి మూల నుంచి కాలవలోకి పోవాలి. గొట్టం వాలు మొత్తం లెవెల్ గొట్టంతో ఆయనే చూశారు. ఒకసారి కాదు, ప్రతి బారకీ. గాలి బుడగ మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడు వైపులు పూర్తయ్యాయి. నాలుగోది అత్తయ్య గది వైపు. కంకర పోసి, మట్టి సగం నింపామో లేదో మబ్బు పట్టింది. ఆ రోజు మా ఇంట్లో మెట్టు మీద కూర్చున్న అత్తయ్య తప్ప అందరూ పార పట్టారు. ఆవిడ కూడా ఊరుకోలేదు, ఎవరు ఎక్కడ తక్కువ పోస్తున్నారో చెబుతూనే ఉన్నారు. మట్టి గోడ దగ్గర ఎత్తుగా, ప్రహరీ వైపు వాలుగా సర్ది, మామయ్య కాలితో తొక్కి "చాలు" అన్నారు. చినుకులు మొదలయ్యాయి. ఇంటి చుట్టూ ఇప్పుడు గచ్చు లేదు. మట్టీ కంకరా, అంతే.

అందరం ఇంటి మూల కాలవ దగ్గర, గొట్టం మూతి ముందు నిలబడ్డాం. వాన జోరు అందుకుంది. మా ఆయన గొడుగు పట్టాడు, ఒక గొడుగు కింద ముగ్గురం సగం సగం తడిశాం. గొట్టం నుంచి చుక్క రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. మామయ్య ముఖం పాలిపోయింది.

"వాలు తప్పిందేమో" అన్నారు మెల్లగా. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"తప్పలేదు. నేను కూడా చూశాను ఆ వాలు" అన్నాను. ధైర్యం చెప్పడానికి అన్నది కాదు, నిజంగానే చూశాను.

"కాస్త ఆగండి. ఎండిన మట్టి, ముందు అది తాగాలిగా" అని అత్తయ్య గుమ్మంలోంచి కేకేశారు.

ఆగాం. గొట్టం మూతిలో ముందు ఒక చుక్క వేలాడింది. తర్వాత సన్నగా మట్టినీళ్ళు, తర్వాత ధార. కాసేపటికి తేటగా వచ్చింది. ఇన్నేళ్ళూ అత్తయ్య గోడ తాగిన నీళ్ళు మా కళ్ళ ముందు కాలవలో పడి పోతున్నాయి. మామయ్య వంగి ఆ ధార కింద రెండు చేతులూ పెట్టారు, కడుక్కున్నారు.

వానాకాలమంతా గోడ మెల్లగా ఆరింది. లోపలి సిమెంటు పూత కొట్టేసి, గోడ ఊపిరి తీసుకునేలా మామయ్య సున్నపు పూత వేశారు. తడి ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గీత పెట్టేవారు. గీతలు భుజం నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి దిగాయి. ఆఖరి గీత పెట్టడానికి ఆయనకి చోటు దొరకలేదు. అత్తయ్య పెట్టెలో చీరలు ఒక్కొక్కటీ మళ్ళీ బీరువాలోకి చేరాయి, ఎవరూ చెప్పకుండానే.

చలి మొదలైన వారానికి మా ఆడపడుచు కారులో వచ్చింది. అమ్మ కూర్చోవడానికి వెనక సీట్లో దిండు కూడా పెట్టుకొచ్చింది. గేటు తీసి, చూసి, ఆగిపోయింది.

"గచ్చు ఏది?"

"పోయింది" అన్నాను. "మెట్లెక్కి రా."

ఎక్కి వచ్చింది. ఎప్పట్లాగే నేరుగా గదిలోకి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించింది. తీసి చూసుకుంది. ఇంకో చోట ఆనించింది, మంచం వెనక్కి వంగి మూలలో ఆనించింది. ఈసారి చెయ్యి మాకెవరికీ చూపించలేదు. ఆ గోడ మీదే ఉంచేసింది. అందరం స్వెట్టర్లలో ఉన్నాం, ఆ గోడ మాత్రం గోరువెచ్చగా ఉంది.

"అమ్మా, దగ్గు?" అంది.

"ఎవరికి?" అన్నారు అత్తయ్య.

మా ఆడపడుచు టీ తాగింది. గ్లాసు తిప్పుతూ నీళ్ళు నమిలింది. నేను ఆ ముఖాన్ని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను, లోపల ఏదో ఉంటే ఇట్టే పట్టేస్తాను. "చెప్పు" అన్నాను.

"మా పడకగదిలో వీధి వైపు గోడ ఉంది కదా వదినా. మూడో అంతస్తయినా సరే, మొన్నటి నుంచీ పొద్దున లేచేసరికి చెమట కారుతోంది. బీరువా వెనక నల్లగా బూజు కూడా పట్టింది." ఇంకాస్త తల దించుకుంది. "నాన్నని ఒక నాలుగు రోజులు పంపిస్తావా?"

నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండటం ఎంత కష్టమైందో నాకే తెలుసు. మామయ్య అప్పటికే లేచి లెవెల్ గొట్టం మేకు మీద నుంచి తీస్తున్నారు. మూడో అంతస్తులో అది ఎందుకని ఎవరూ అడగలేదు. తాపీ సంచి భుజాన వేసుకున్నారు. తన గోడల మధ్య తప్ప నిద్రపోలేని మనిషి రెండు జతల బట్టలు కూడా పెట్టుకున్నారు. ఆఖరున తలుపు వెనక నుంచి పాత బకెట్ అందుకోబోతే నేను ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి మామయ్యా."

ఆయన ఒక క్షణం నా వైపు చూసి, ఒప్పుకున్నారు.

అత్తయ్య గేటు దాకా రాలేదు. పై మెట్టు మీద కూర్చుని, దిండు పెట్టిన వెనక సీట్లో మామయ్య ఎక్కి కూర్చునే దాకా చూశారు. కారు కదలబోతుంటే కూతుర్ని పిలిచారు.

"ఇదిగో అమ్మాయ్. స్నానానికి నీళ్ళు మరీ వేడిగా పెట్టకు. నాలుగు రోజులన్నావు, నాలుగు రోజులు చూస్తాను. గోడ ఆరితే మీ నాన్నని పంపించు. ఆరకపోయినా పంపించెయ్యి."